రబ్బరు తగిలే చోటు



సంక్రాంతి దగ్గరకొచ్చింది. ఏ వీధిలోకి వెళ్ళినా సున్నం వాసన, పెయింటు వాసన. గోడలకు వేయగా మిగిలిన రంగు గేటుకు వేస్తాం. గేటుకు వేయగా మిగిలింది కిటికీ ఊచలకు. అప్పటికీ డబ్బా అడుగున కాస్త కనిపిస్తుంటే అరుగు మీది పాత స్టూలుకు. మన ఇళ్ళలో రంగు ఇలాగే ఊరేగుతుంది. ఆ ఊరేగింపు ఆఖరున మెట్ల కింద చీకట్లో తుప్పు పట్టిన సైకిలు ఒకటి నిలబడి ఉంటుంది. "దీనికి కూడా కాస్త వేసేస్తే పోలా?" అని ఎవరో ఒకరు అంటారు. మా ఇంట్లో ఆ మాట అన్నది నేనే.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ సైకిలు చక్రాల గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే రిమ్ముల గురించి. బయటివైపు టైరును మోస్తూ, లోపలివైపు పుల్లల్ని పట్టి ఉంచే ఆ ఇనుప వలయమే రిమ్ము. తుప్పు పట్టిన రిమ్ముకు ఇంట్లోనే స్ప్రే డబ్బాతో రంగు వేసుకోవచ్చు. అదేమంత కష్టమైన విద్య కాదు. అయితే రిమ్ము కిటికీ ఊచలాంటిది కాదు. ఈ ఒక్క ముక్క నాకు అరటిగెలల రిక్షాను గుద్దితే గాని తలకెక్కలేదు. ముందు ఆ కథ చెప్పేసి తరవాత పనిలోకి వెళ్తాను.

మాది కాకినాడ. బడిలో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉప్పుగాలి తగిలితే ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో ఏటేటా పిల్లల చేత రాయించినవాణ్ణి. అయినా మా నాన్నగారి 28 సైజు సైకిలును ఏళ్ళ తరబడి మెట్ల కింద వదిలేశాను. రాడ్డు బ్రేకులు, వెనక క్యారేజీ, ముందు డైనమో దీపం ఉన్న పాతకాలపు నల్ల సైకిలు అది. ఇంటర్‌లో చేరిన మా మనవడు ఒకరోజు దాన్ని బయటకు లాగి, "తాతయ్యా, ఇది ఇంకా నడుస్తుందా?" అన్నాడు. నడిచింది. గాలి కొట్టి, చెయినుకు నూనె వేస్తే మా వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. చూడ్డానికి మాత్రం బాగా లేదు. ఒకప్పుడు అద్దంలా మెరిసిన రిమ్ములు కాఫీపొడి చల్లినట్టు గోధుమరంగు మచ్చలు పడిపోయాయి.

రిమ్ము మీద ఆ మెరుపు క్రోమియం పూతది. లోపల ఉన్నది మామూలు ఉక్కు. దాని మీద నికెల్ పొర, ఆ పైన క్రోమియం. మన కంటికి కనిపించి మురిపించే క్రోమియం పొర నిజానికి వెంట్రుక మందంలో వందోవంతు కూడా ఉండదు. అందులో కంటికి కనిపించని సందులుంటాయి. తేమ వాటిగుండా దిగి ఉక్కును చేరుతుంది. అందుకే తుప్పు పైనుంచి కిందికి పాకదు, కిందినుంచి పైకి పొంగుతుంది. ఎక్కువగా మొదలయ్యేది పుల్లలు దూరే కన్నాల దగ్గర, టైరు కింద నీళ్ళు నిలిచే చోట. మనకు మచ్చ కనిపించేటప్పటికే లోపల దాని సంసారం స్థిరపడి ఉంటుంది.

సరే, నేను బజారుకెళ్ళి వెండిరంగు స్ప్రే డబ్బా తెచ్చాను. సైకిలును పెరట్లో తిరగేసి సీటు మీద, హ్యాండిలు మీద నిలబెట్టాను. పాత వార్తాపత్రికలు టైరుకు చుట్టాను. గుడ్డతో రిమ్ము తుడిచి, చక్రాన్ని ఎడమచేత్తో తిప్పుతూ కుడిచేత్తో రంగు కొట్టాను. చక్రం తిరుగుతుంటే రంగు తనంతట తానే పరుచుకుంటున్నట్టు భలే సరదాగా ఉంది. పావుగంటలో రెండు చక్రాలూ పెళ్ళికొడుకు కాలి మట్టెల్లా తయారయ్యాయి. మా ఆవిడ వచ్చి చూసి, "కొత్తది కొన్నట్టే ఉందండీ" అంది. ఆ మాటకు పొంగిపోయి మర్నాడు పొద్దున్నే బజారుకు బయలుదేరాను.

కాకినాడ తెలిసినవాళ్ళకు ఉప్పుటేరు మీది జగన్నాథపురం వంతెన తెలుసు. వంతెన దిగుతున్నాను. ముందు అరటిగెలల రిక్షా వెళ్తోంది. బ్రేకు నొక్కాను. పట్టలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. కీచుమని అరిచింది గాని ఆగలేదు. పెద్ద వేగం లేదు కాబట్టి నాకేం కాలేదు. ముందు చక్రం వెళ్ళి గెలల్లో మెత్తగా దిగబడింది. రిక్షా అబ్బాయి వెనక్కి తిరిగి, "ఏవండీ, బ్రేకుల్లేవా?" అన్నాడు. నలిగిన అరటిపళ్ళకు డబ్బులిచ్చి, సైకిలు నడిపించుకుంటూ మా వీధి చివర సైకిలు షాపు పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన రిమ్మును వేలితో గీరి, వేలికంటిన వెండిరంగు చూసుకున్నాడు.

"ఎవరేశారండి మేస్టారూ ఈ రంగు?"

"నేనే బాబాయ్. బాగా లేదా?"

"బాగుందండి. గోడకైతే ఇంకా బాగుండును."

ఆ తరవాత ఆయన చెప్పింది నేను బడిలో ఇన్నేళ్ళు చెప్పిన ఘర్షణ పాఠమే. కాకపోతే నాకంటే బాగా చెప్పాడు. "బ్రేకంటే రబ్బరు ముక్క అనుకుంటారండి అంతా. రెండు చేతులు కలిస్తేనే కదండీ చప్పట్లు. సగం బ్రేకు రబ్బరు, సగం బ్రేకు రిమ్ము. తమరు ఆ సగానికి రంగేసేశారు."

రంగు పూత మెత్తటిది. రబ్బరు దాన్ని రాసినప్పుడు వేడెక్కి జిగురుగా లేస్తుంది. లేచింది రబ్బరుకు అంటుకుంటుంది. ఇక అక్కడ రాపిడి ఉక్కుకూ రబ్బరుకూ మధ్య కాదు, రంగుకూ రంగుకూ మధ్య. క్రోమియం పూసిన ఉక్కు రిమ్ములు వానలో తడిస్తే బ్రేకు సరిగా పట్టదని సైకిలు తొక్కినవాళ్ళందరికీ తెలుసు. ఆ నునుపుకు రంగు కూడా తోడైతే చెప్పేదేముంది?

కాబట్టి డబ్బా చేతిలోకి తీసుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది. సైకిలు దగ్గర కూర్చుని బ్రేకు నొక్కి, రబ్బరు రిమ్ముకు ఎక్కడ తగులుతోందో చూడండి. ఇది అన్ని సైకిళ్ళకూ ఒకేచోట ఉండదు. మా నాన్నగారి సైకిలుకున్నవి రాడ్డు బ్రేకులు. హ్యాండిలు దగ్గర నొక్కితే కడ్డీలు పైకి లాగుతాయి, లాడం ఆకారంలో ఉన్న ముక్క పైకి లేస్తుంది, దానికున్న రెండు రబ్బర్లు రిమ్ము లోపలి ముఖానికి ఆనుకుంటాయి. లోపలి ముఖం అంటే హబ్బు వైపు చూస్తున్న ముఖం. పుల్లల వరసకు అటొకటి, ఇటొకటి చదునైన పట్టీలుంటాయి చూడండి, అవే బ్రేకు పట్టీలు. వాటికి రంగు వేయకూడదు. టైరును ఆనుకుని ఉండే బయటి అంచులకు, మధ్యలో పుల్లలు దిగే గాడికి వేసుకోవచ్చు. మీ అదృష్టం కొద్దీ, వీధిలో పక్కనుంచి చూసేవాళ్ళకు కనిపించేది ఆ బయటి అంచే.

పిల్లలు ఇప్పుడు తొక్కే వైరు బ్రేకుల సైకిళ్ళకు కథ తిరగబడుతుంది. అక్కడ రబ్బర్లు రిమ్మును రెండు పక్కలనుంచీ పట్టకారులా నొక్కుతాయి. కాబట్టి పక్కలు వదిలేసి లోపలి ముఖానికి రంగు వేయాలి. డిస్కు బ్రేకులున్న సైకిలైతే రిమ్ముకు బ్రేకుతో పనే లేదు, మొత్తం మీ ఇష్టం. అయితే డిస్కు పళ్ళెం మీద రంగు తుంపర ఒక్కటి కూడా పడకూడదు. దాన్ని ఊడదీసో, కవరు చుట్టో జాగ్రత్త చేయాలి.

ఇంకో మాట. అసలు రంగు అవసరమా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. మచ్చలు పైపైనే ఉంటే రంగు జోలికి పోవద్దనే చెబుతాను. వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకు ఉంటుంది కదా, దాన్ని ఉండచేసి, నీళ్ళలో ముంచి, మచ్చ మీద రుద్దండి. క్రోమియం కంటే అల్యూమినియం మెత్తనిది, అందుకే గీతలు పడవు. తుప్పు మాత్రం నల్లటి మడ్డిలా లేచి వస్తుంది. మన పెద్దవాళ్ళు ఇత్తడి బిందెలకు వాడే చింతపండు కూడా పనికొస్తుంది. దానిలోని పులుపు తుప్పును కరిగిస్తుంది. కానీ రుద్దాక మంచినీళ్ళతో శుభ్రంగా కడిగి వెంటనే ఆరబెట్టాలి. అలా తేలిన పాత క్రోమియానికి ఏ స్ప్రే డబ్బాలోని వెండిరంగూ సాటిరాదు. క్రోమియం పొరలు పొరలుగా లేచిపోయి, చేత్తో తడిమితే గరుకుగా గీసుకునే స్థితికి వచ్చినప్పుడే రంగు గురించి ఆలోచించాలి. పుల్ల కన్నాల దగ్గర పగులు కనిపించినా, బ్రేకు పట్టీ మీదే పొర లేచిపోయినా రంగూ వద్దు, చింతపండూ వద్దు. రిమ్ము మార్చేయడమే. పగులు మీద రంగు వేస్తే పగులు పోదు, కంటికి కనబడకుండా మాత్రం పోతుంది. అది మరీ ప్రమాదం.

ఇక రంగు వేయాల్సిందే అని తేలిందనుకోండి. నా మొదటి ప్రయత్నంలో బ్రేకు తప్పు కాక ఇంకో తప్పు కూడా ఉంది. వారం తిరక్కుండానే రంగు అరటితొక్కలా ఊడిరావడం మొదలుపెట్టింది. కారణం మా ఇంట్లోనే ఉంది. ఏటా దసరాకు ఆయుధపూజ రోజున మా ఆవిడ ఆ సైకిలును కడిగి, తుప్పు పట్టకుండా రిమ్ములకు కొబ్బరినూనె రాసి, బొట్టు పెట్టేది. తుప్పుకు అది మంచి మందే. రంగుకు మాత్రం శత్రువు. నూనె ఉన్నచోట రంగు పట్టదు. పట్టినట్టు నటిస్తుంది.

అందుకని ముందు సబ్బునీళ్ళతో కడగాలి. సైకిలు షాపుల్లో కిరసనాయిలుతో కడిగే అలవాటుంది. గ్రీజు వదలడానికి బాగుంటుంది గాని, కిరసనాయిలు తానే సన్నటి జిడ్డు వదిలిపోతుంది. కాబట్టి దాని తరవాత మళ్ళీ సబ్బు, చివరకు శుభ్రమైన గుడ్డతో థిన్నరు. జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సబ్బు పని అయ్యాక రిమ్ము మీద కాసిని నీళ్ళు పోయండి. నీళ్ళు పలచగా పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. తామరాకు మీద బొట్టులా ఉండలు కట్టి జారిపోతే ఇంకా ఉన్నట్టు. మళ్ళీ కడగాల్సిందే. కడిగాక రంగు వేసే చోట ఒట్టి వేలు పెట్టకండి. మన వేలికొనకున్న జిడ్డు చాలు, రంగులో చేపకన్నులాంటి గుంట పడడానికి.

తరవాత గరుకు కాగితం. క్రోమియం గాజులాంటిది. దాని మీద రంగు నిలవాలంటే పట్టు చిక్కాలి. తుప్పు గట్టిగా ఉన్నచోట 180 నంబరు కాగితంతో, మిగతా చోట 320 నంబరుతో మెరుపంతా పోయి బూడిదరంగుకు తిరిగేదాకా రుద్దాలి. నీళ్ళు తడుపుతూ వాటర్ పేపరుతో రుద్దితే ధూళి లేవదు. క్రోమియం ధూళి ముక్కులోకి పోనివ్వకూడదు కాబట్టి ఈ తడి పద్ధతే మంచిది. రుద్దిన నీళ్ళను తులసికోట దగ్గరో కూరపాదుల్లోనో పారబోయకండి. రుద్దడం విసుగు పుట్టించే పని. చక్రాన్ని మూడొంతులు రుద్దాక, "ఇక చాల్లే" అని లోపలినుంచి ఎవరో అంటారు. నా లెక్కలో ఈ పని మొత్తం ఒక రోజైతే, రంగు కొట్టేది అందులో అరగంట. తక్కిన రోజంతా కడగడం, రుద్దడం, కప్పడం, ఎదురుచూడడం.

కప్పడం అన్నాను కదా, నాకు మహా ఇష్టమైన భాగం అది. టైరు, ట్యూబు ఊడదీస్తే చాలా మంచిది. ఊడదీయడం చేతకాకపోతే గాలి పూర్తిగా తీసేసి, టైరుకూ రిమ్ము అంచుకూ మధ్య దళసరి కాగితపు ముక్కలు వరసగా దోపాలి. పేకముక్కలు దోపేవాళ్ళున్నారు. మా ఇంట్లో పేక లేదు. కాని ఏ తెలుగు ఇంట్లోనైనా అటక మీద ఒక పెట్టెనిండా ఉండే వస్తువు ఒకటుంది, పాత శుభలేఖలు. పారేయడానికి మనసొప్పదు, దాచి చేసేదేం లేదు. శుభలేఖ అట్ట మందం ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. ముక్కలు చేసి, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా చుట్టూ దోపుకుంటూ వెళ్తే చక్రం పొద్దుతిరుగుడు పువ్వులా తయారవుతుంది. మా చక్రం చుట్టూ పాతికేళ్ళ పెళ్ళిళ్ళు తిరిగాయి. కొన్ని జంటలకు ఇప్పుడు మనవలు కూడా.

హబ్బుకు కవరు చుట్టి తాడు కట్టాలి. బేరింగుల్లోకి రంగు పోకూడదు. బ్రేకు పట్టీల మీద మాస్కింగ్ టేపు అంటించి, గోటితో అంచులు నొక్కాలి. పుల్లలు రిమ్ములోకి దిగే చోట నిపిల్స్ అని చిన్న మరలుంటాయి. చక్రం వంకర పోయినప్పుడు బెండు తీసేది వాటిని తిప్పే. వాటి మీద రంగు దళసరిగా పడితే బిగుసుకుపోతాయి, రేపు మెకానిక్కు తాళం పెట్టి తిప్పితే పుల్ల తెగుతుంది. వాటికి కూడా చిన్న టేపు ముక్కలు చుట్టండి. మా సైకిలుకు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. మొత్తం 72 టేపు ముక్కలు. మనవడు చుట్టాడు. ఇంటర్ చదివే పిల్లవాణ్ణి సెల్‌ఫోను లేకుండా రెండు గంటలు కూర్చోబెట్టిన ఘనత ఆ టేపుదే.

ఇప్పుడు డబ్బా సంగతి. స్టూడియోలోకి గ్యాసు డబ్బా తెస్తే బావుండదు కాబట్టి మీకు ఆ చప్పుడు వినిపించలేను. ఊపితే లోపల గోలీ ఒకటి టకటకమని కొట్టుకుంటుంది. ఆ గోలీ అడుగున పేరుకున్న రంగును కలపడానికి. ఆ చప్పుడు మొదలైన దగ్గర్నుంచి కనీసం 2 నిమిషాలు ఊపాలి. ఈ డబ్బా వెనక చిత్రమైన చరిత్ర ఉంది. ఒత్తిడితో తుంపర చిమ్మే డబ్బాను నార్వే ఇంజనీరు ఎరిక్ రోథైమ్ 1920లలో కనిపెట్టాడు. అది జనంలోకి వచ్చింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో, రంగుతో కాదు, దోమల మందుతో. మలేరియా బారిన పడుతున్న అమెరికా సైనికుల కోసం గుడ్‌హ్యూ, సల్లివాన్ అనే ఇద్దరు ప్రభుత్వ పరిశోధకులు దాన్ని చేత్తో పట్టుకునే డబ్బాగా మలిచారు. 1949లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని సికమోర్‌లో రంగుల వ్యాపారి ఎడ్వర్డ్ సేమోర్ తన దగ్గరున్న అల్యూమినియం రంగును జనానికి చూపించడానికి ఏదైనా తేలిక మార్గం వెతుకుతుంటే, డబ్బాలో పోసి చిమ్మించమని ఆయన భార్య బానీ సలహా ఇచ్చింది. అంటే ప్రపంచంలో మొదటి స్ప్రే పెయింటు రంగు వెండిరంగే. మనం రిమ్ముకు వేస్తున్నది ఆ వంశపు రంగే. అందులో అల్యూమినియం రేణువులు సన్నని పొలుసుల్లా ఉంటాయి. రంగు ఆరేటప్పుడు అవి ఇంటికప్పు మీద పెంకుల్లా ఒకదాని మీదొకటి పడుకుంటాయి. మెరుపు వాటిదే.

డబ్బాలో రంగుతోపాటు ద్రవరూపంలో ఉన్న గ్యాసు ఉంటుంది. ఇప్పటి డబ్బాల్లో ఎక్కువగా మన వంటగ్యాసు జాతిదే. మీట నొక్కినప్పుడు అది ఆవిరవుతూ రంగును నెడుతుంది. ఆగకుండా కొడుతూ పోతే డబ్బా చేతికి చల్లగా తగులుతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేది ఏ కారణంతోనో ఇదీ అదే కారణంతో. బాగా చల్లబడితే లోపల ఒత్తిడి తగ్గి, తుంపర సన్నగా రాకుండా చుక్కలు చుక్కలుగా ఉమ్ముతుంది. అందుకే కాస్త కొట్టి, ఆపి, డబ్బా ఊపి, మళ్ళీ కొట్టాలి. వంటగ్యాసు జాతి అన్నాను కాబట్టి మిగతాది మీకే తెలిసిపోవాలి. దగ్గర్లో పొయ్యి ఉండకూడదు, బీడీ ఉండకూడదు, దేవుడి దగ్గర వెలిగించిన అగరొత్తి కూడా ఉండకూడదు. పని ఆరుబయటే. గుడ్డ మాస్కు తుంపరను కొంత ఆపుతుంది గాని థిన్నరు ఆవిరిని ఆపదు. కాబట్టి గాలి వాటం చూసుకుని, గాలికి ఎదురుగా కాకుండా వీపు పెట్టి నిలబడండి.

చక్రాన్ని సైకిలు నుంచి విప్పి, ఇరుసు రెండు చివర్లూ రెండు కుర్చీల మధ్య ఆనేలా పెట్టుకుంటే తిప్పడానికి వీలుగా ఉంటుంది. ముందు ప్రైమరు. ఉక్కు తేలిన చోట తుప్పును ఆపేది అదే, రంగు కాదు. ప్రైమరు కూడా డబ్బాల్లో దొరుకుతుంది. అది ఆరాక 600 నంబరు కాగితంతో అలా నిమిరినట్టు రుద్ది, తుడిచి, రంగు మొదలుపెట్టాలి. డబ్బాకూ రిమ్ముకూ మధ్య జానెడు దూరం. ఇంతకన్నా దగ్గరైతే రంగు కారుతుంది. దూరమైతే తుంపర గాలిలోనే ఆరిపోయి రిమ్ము మీద ఇసక చల్లినట్టు పడుతుంది. మొదటి పూత వేశాక కింది ప్రైమరు ఇంకా కనిపిస్తూనే ఉండాలి. అది చూసి మీకు అసంతృప్తి కలగాలి. ఆ అసంతృప్తిని ఓర్చుకున్నవాడికే రంగు కుదురుతుంది. పది, పదిహేను నిమిషాల ఎడంతో మూడు పల్చటి పూతలు. చక్రాన్ని మెల్లగా తిప్పాలి. నేను మొదటిసారి తిప్పినట్టు రంగులరాట్నంలా తిప్పితే తడిరంగు అంచులకు పరుగెత్తి బొట్లు కడుతుంది.

పూతల మధ్య ఎడం గురించి డబ్బా మీద ఏం రాసి ఉందో చదవండి. చాలా రంగులకు ఒక గంటలోగా పూతలన్నీ ముగించాలి, లేదా ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆగాలి అని ఉంటుంది. ఈ రెంటికీ మధ్య సగం ఆరిన పూత మీద మళ్ళీ కొడితే, కొత్త రంగులోని థిన్నరు పాతదాన్ని కదిలించి, పాల మీద మీగడలా ముడతలు పడేస్తుంది. అప్పుడు మొత్తం గీకి మళ్ళీ మొదలుపెట్టడం తప్ప వేరే దారి లేదు.

ఎన్ని డబ్బాలు కావాలంటారా? 28 సైజు రిమ్ము చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు. రంగు వేసే వెడల్పు మహా అయితే ఏడెనిమిది సెంటీమీటర్లు. రెండు చక్రాలకూ కలిపి అర తువ్వాలు పరిచినంత చోటు కూడా కాదు. లెక్కప్రకారం 400 మిల్లీలీటర్ల డబ్బా ఒక్కటి మిగిలిపోవాలి. నాకు మాత్రం మొదటిసారి రెండో చక్రం ముగిసేసరికే ఖాళీ అయిపోయింది. జానెడు దూరం నుంచి వచ్చే తుంపర అరచేయి వెడల్పున పడుతుంది, రిమ్ము రెండువేళ్ళ వెడల్పు. మిగిలినదంతా పుల్లల మధ్యనుంచి పెరటి జామచెట్టుకు పోయింది. ఆ చెట్టుకు ఒక పక్క ఆకులు చాలాకాలం వెండివే. అందుకే మీట నొక్కిపట్టకుండా చిన్న చిన్నగా నొక్కి వదులుతూ ఉండాలి. చక్రం వెనక పాత అట్టముక్క నిలబెడితే జామచెట్టు బతుకుతుంది.

వాతావరణం గురించి ఒక మాట, ముఖ్యంగా కోస్తా శ్రోతలకు. ఇది మంచి కాలం. చెమట కారే ఎండా లేదు, వానా లేదు. అయితే పొద్దున మంచు పడుతుంది. ఆ తేమలో రంగు కొడితే, ఆవిరయ్యే థిన్నరు రిమ్మును చల్లబరిచి, గాలిలోని తేమ దాని మీద వాలి, రంగు పాలిపోయి తెల్లబారుతుంది. పది దాటాక మొదలుపెట్టి, మూడింటికల్లా ముగించండి. రోహిణీకార్తెలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. 50 డిగ్రీలు దాటిన చోట డబ్బాను ఉంచకూడదని దాని మీదే రాసి ఉంటుంది. మన ఎండలో పడేసిన ఇనుము ఆ మాత్రం వేడెక్కడం ఎంతసేపు?

టైరు ఊడదీసినవాళ్ళు మరిచిపోకూడని చోటు ఒకటుంది. టైరు కూర్చునే లోపలి గాడి. అది ఎవరికీ కనిపించదు. అక్కడే నీళ్ళు నిలుస్తాయి, అక్కడే తుప్పు రేకులు లేచి ట్యూబును కోస్తాయి. కారణం తెలియని పంచర్లు కొన్ని అక్కడివే. గాడిని రుద్ది, రెడాక్సైడు ప్రైమరు రెండు పూతలు వేసి, ఆరాక కొత్త రిమ్ టేపు వేయండి. అందం కోసం పైన వేసిన మూడు పూతల కంటే చక్రానికి ఎక్కువ మేలు చేసేవి ఈ రెండు పూతలే అని నా నమ్మకం.

రంగు చేతికి అంటకుండా ఆరడానికి ఒక పూట చాలు. గట్టిపడడానికి వారం పడుతుంది. ఈ వారం మనవళ్ళను ఆపడం మీ పని. టేపు మాత్రం వారం ఉంచకండి. ఆఖరి పూత కాస్త ఆరగానే మెల్లగా వెనక్కి మడిచి లాగితే అంచు శుభ్రంగా వస్తుంది. బ్రేకు పట్టీ మీద ఎక్కడైనా తుంపర పడితే థిన్నరు గుడ్డతో తుడిచేయండి. ఆ పట్టీకి నూనె గాని, గ్రీజు గాని, మా ఆవిడ కొబ్బరినూనె గాని తగలకూడదు. అక్కడ పైపైన తుప్పు పడితే పడనివ్వండి, సైకిలు తొక్కుతుంటే రబ్బరే దాన్ని తుడిచేస్తుంది. ముందు రంగు అంటిన రబ్బర్లుంటే మార్చేయండి. మొదటిసారి ఎక్కినప్పుడు వంతెన మీద కాదు, ఇంటి ముందు చదునైన చోట నాలుగుసార్లు బ్రేకు పట్టి చూడండి.

రంగు ఏదన్నది మీ ఇష్టం. మా మనవడు ఎరుపు కావాలన్నాడు. నేను వెండిరంగే అన్నాను. చివరకు ముందు చక్రానికి వెండి, వెనక చక్రానికి ఎరుపు వేసి రాజీ పడ్డాం. చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. మా చిన్నప్పుడు పుల్లలకు ప్లాస్టిక్ పూసలు గుచ్చి, హబ్బులకు రంగురంగుల కుచ్చులు తొడిగి, ఆగస్టు 15కు పుల్లల మధ్య మూడురంగుల కాగితాలు అల్లి తిరిగిన వాళ్ళం మేం. చక్రం తిరిగితే రంగు కనిపించాలన్న సరదా ఇప్పటిది కాదు. ఆ మధ్య షాపు పెద్దాయన సైకిలు చూసి, ఒంగి, బ్రేకు పట్టీని బొటనవేలితో తడిమాడు. రంగు గురించి ఏమీ అనలేదు. బ్రేకు నొక్కి చక్రం తిప్పి, తల ఊపాడు.

ఇక పండగ ముందు ఒక్క విన్నపం. పని అయ్యాక డబ్బాను తలకిందులు చేసి, ఒట్టి గాలి వచ్చేదాకా నొక్కి మూతి శుభ్రం చేసుకుంటాం. డబ్బా ఖాళీ అయిందనుకుంటాం. లోపల గ్యాసు ఇంకా మిగిలే ఉంటుంది. భోగి నాడు పిల్లలు ఇంట్లో పాత సామాన్లన్నీ వెతికి మంటలో పడేస్తుంటారు. పాత చీపురు, విరిగిన కుర్చీ వేస్తే వేయనివ్వండి. ఈ రంగు డబ్బాలు మాత్రం, ఖాళీవైనా సరే, వాళ్ళ చేతికి అందనివ్వకండి. మంటలో పడితే బాంబులా పేలతాయి. భోగి ముందురోజు సాయంత్రమే పెరడంతా ఒకసారి చూసి, అవి ఎక్కడున్నా తీసి పక్కన పెట్టేయండి.